నలభై పేర్లు

లబ్బీపేటలో మూడో అంతస్తు.
కింద మందుల షాపు, మధ్యలో పళ్ళ డాక్టరు,
పైన మేం. బోర్డు లేదు.
ఏసీ మాత్రం రోహిణి కార్తెని
గుమ్మం బయటే నిలబెట్టేస్తుంది.

గోడకి ఇనప రాక్. పిడకలు కొట్టినట్టు
వరసగా ఫోన్లు. నా వంతు నలభై.
ఫోనుకో పేరు, పేరుకో ఊరు, ఊరికో యాస.
పెదకాకాని మిర్చి రైతు ఒకడు,
చిట్టినగర్ ఆటో అతను,
పటమటలో రిటైరైన లెక్కల మాస్టారు
(ఆయన "అయ్యా" అని మొదలెట్టి నిదానంగా తిడతాడు).
తెనాలి గృహిణి ఒకామె. ఆవిడంటే నాకిష్టం.
ముగ్గుల ఫొటోల మధ్య
మా సారుని ఓ మాట మెచ్చుకుని పోతుంది.

పొద్దున్నే వీళ్ళందరిచేతా
గుడ్ మార్నింగ్ పెట్టించాలి.
లేకపోతే మనుషులు కారని
ఎవరో కనిపెట్టేస్తారట.

ఓట్ల నాడు నా ఒక్క వేలినే
నలభై రకాలుగా ఫొటో తీశాం.
గాజులేసి, మగ వాచీ పెట్టి,
మాస్టారి కోసం కాస్త సుద్దపొడి రాసి.
సిరా చుక్క ఒకటే.

మా సారు ఒకప్పుడు
బీసెంట్ రోడ్డులో టీ కొట్టు బల్ల మీద కూర్చునేవాడట.
పక్క కుర్చీ మస్తాన్‌వలి చెప్పాడు:
"కుళాయి నీళ్ళ కోసం మా నాన్న
చొక్కా పట్టుకున్నాడు ఒకసారి.
మర్నాడు నీళ్ళొచ్చాయి.
బొత్తాం మాత్రం ఊడిపోయింది."

ఇప్పుడాయన చొక్కాలకి బొత్తాలన్నీ ఉంటాయి.
రాత్రి పదకొండుకి కబురొస్తుంది:
"ప్రజలేమంటున్నారు?"
రాక్ వంక చూస్తాను.
ప్రజలు ఛార్జింగులో ఉన్నారు.

మార్చిలో ఒకనాడు అడిగారు,
కాలవ గట్టున తోపుడుబళ్ళు ఉంచాలా, తీసేయాలా అని.
ఆ రోజు నాకు కడుపునొప్పి. త్వరగా ఇంటికెళ్ళాలి.
ఉంచమంటే కారణాలు రాయాలి.
తీసేయమంటే ఒక్క ముక్క చాలు.
నలభై మందిచేతా తీసేయమనిపించి
చెప్పులేసుకున్నాను.

బుధవారం తెల్లారేసరికి బళ్ళు లారీ ఎక్కాయి.
"ప్రజల కోరిక మేరకే" అన్నాడు సారు, కెమెరా ముందు.
అబద్ధమాడేవాడి కళ్ళు నాకు తెలుసు,
రోజూ అద్దంలో చూస్తాను.
అవి కావు. ఆయన నిజంగానే నమ్మాడు.
అక్కడ భయమేసింది నాకు.

ఆ బళ్ళలో ఒకటి చింతాలమ్మది.
నేను రోజూ పునుగులు తినే బండి.
ఆఫీసుకెళ్ళి మొరపెట్టుకుంటే
వాట్సాప్‌లో పెట్టమన్నారట.
ఆవిడ ఫోనుకి బొత్తాలే ఉన్నాయి,
అందులోనూ ఐదో అంకె పనిచేయదు.

మొన్న మా కృష్ణలంక సందులో డ్రైనేజీ పొంగింది.
మూడు రోజులుగా అమ్మ
ఇటుకల మీద అడుగులేస్తోంది, బొమ్మలా.
ఉండబట్టలేక
నా సొంత పేరుతో, సొంత మొహంతో
సారునే ట్యాగ్ చేసి రాశాను.
నావే కనక అచ్చుతప్పులు కూడా పడ్డాయి.

పావుగంటలో మొదటి జవాబు:
"ఎంతిచ్చారు అక్కా? పెయిడ్ బ్యాచ్."
తర్వాత పదిహేను. తర్వాత లెక్క తెలీలేదు.
పక్కన మస్తాన్ వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి.
పేరు చూడలేదు పాపం,
పేర్లు చూడటం మా పనిలో లేదు.
ఆ వాక్యం నాదే. కిందటేడు రాశాను.
బాగుందని ఆఫీసంతటికీ బిర్యానీ తెప్పించారు.

ఇప్పుడు రాత్రి పన్నెండు దాటింది.
తెనాలి గృహిణి ఫోను మోగింది.
ఆమెకి ఎవరూ రాయరు, ఇంతవరకూ రాయలేదు.
భవానీపురం నుంచి ఎవరో మంగతాయారు:
"అమ్మా, మా బాబుకి పింఛను ఆపేశారు.
కాలు లేదండీ వాడికి.
ఎవరికి చెప్పినా వినట్లేదు.
మీ మాటంటే సారుకి గౌరవం కదా,
మీరొక్కసారి చెప్పి పెట్టరా?"

నిజమే. ఆవిడ మాట వింటాడు.
లేని ఆవిడ మాట.

ఏం రాయాలో తేలక
ఫోను పట్టుకుని కూర్చున్నాను.
నీలం టిక్కులు పడిపోయాయి.
చూశానని ఆమెకి తెలిసిపోయింది.